పడవ మెట్లు, పైరు నీళ్లు

పడవ పక్షం: మెట్ల లాకు అంటే వాలు వెంట ఒకదానికొకటి ఆనించి కట్టిన నీటి గదుల వరస. మామూలు లాకుకు పైన ఒక జత, కింద ఒక జత తలుపులుంటాయి. మెట్ల లాకులో పై గది కింది తలుపులే కింది గదికి పై తలుపులు. ఎక్కాల్సిన పడవ అట్టడుగు గదిలోకి రాగానే వెనక తలుపులు మూసి, పై గది నీటిని తూముల గుండా కిందికి వదులుతారు. రెండు గదుల్లో మట్టం సమానం కాగానే నడిమి తలుపుల మీద ఒత్తిడి పోతుంది, మనుషులే వాటిని తెరవగలుగుతారు. పడవ ఒక మెట్టు ఎక్కినట్టు. ఫ్రాన్సులో బెజియే ఊరి పక్కన ఫోన్సెరాన్ లాకులో ఇలాంటి గదులు 8. ఆ 8 గదులు కలిసి పడవను 21 మీటర్లకు పైగా ఎత్తుతాయి. పియెర్ పోల్ రికే తవ్వించిన మిదీ కాలువలో అది భాగం. 1681లో ఆ కాలువ తెరిచేనాటికి ఆవిరి యంత్రమూ లేదు, విద్యుత్తూ లేదు. నీటి బరువు ఒక్కటే బండెడు సరుకును కొండవాలు ఎక్కించింది. ఈ విద్య రాయలసీమకు రాలేదని అనుకోవడం పొరపాటు. తుంగభద్ర మీద సుంకేశుల ఆనకట్ట నుంచి కడప దాకా 305 కిలోమీటర్లు సాగే కర్నూలు–కడప కాలువను పడవలు తిరగడానికి కూడా అని లాకులతోనే కట్టారు. వచ్చిన విద్యను ఈ సీమ వదులుకుంది.

పైరు పక్షం: వదులుకున్నదాని వెల కూడా లెక్కలోకి రావాలి. లాకులో పడవ ఎక్కినా దిగినా ఒక గదెడు నీరు పై నుంచి కిందికి పోతుంది. గది 40 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, మెట్టు రెండున్నర మీటర్లు అనుకుంటే ఒక్క పడవకు 600 ఘనమీటర్లు. ఎకరా వేరుశనగ పండడానికి సుమారు 2000 ఘనమీటర్లు చాలు. అంటే మూడు నాలుగు పడవలు దాటితే ఒక ఎకరం పంట నీరు తలుపుల కిందుగా వెళ్లిపోయినట్టే. అనంతపురం సీమలో ఏడాది వాన సగటున 550 మిల్లీమీటర్ల దగ్గరే ఆగుతుంది. అలాంటి చోట నీటిని దారిగా వాడుకోవడం గోదావరి డెల్టాకు తగినంతగా ఆ సీమలోని పెనుకొండకు తగదు.

పడవ పక్షం: ఆ లెక్క సగమే. లాకు దాటిన నీరు ఆవిరైపోదు, కాలువలోనే మరో మెట్టు కిందికి చేరి అక్కడి పొలాలకు పారుతుంది. పడవ వాడుకునేది నీటిని కాదు, నీరు దిగే ఎత్తును. ఆ ఎత్తును వాడుకోకపోతే కాలువ ఇంజనీర్లు డ్రాపులు కట్టి, దూకే నీటి ఉరవడిని రాళ్ల మీద చంపేస్తారు. పోనీ, లాకు నీరంతా వృథా అనే ఒప్పుకుందాం. రోజుకు 20 పడవల చొప్పున ఏడాదిలో 300 రోజులు నడిచినా 36 లక్షల ఘనమీటర్లు, అంటే ఒక టీఎంసీలో ఎనిమిదో వంతు. కృష్ణా జలాలను పంచిన బచావత్ ట్రిబ్యునల్ కర్నూలు–కడప కాలువకు కేటాయించింది 39.9 టీఎంసీలు. మూడు వందల పాళ్లలో ఒక పాలు కోసం పడవలను నిందించడం న్యాయం కాదు.

పైరు పక్షం: గది నింపే నీరు తక్కువేనన్నది నిజం, దాని మీద పట్టు పట్టనవసరం లేదు. అసలు ఖర్చు గదిలో కాదు, గదికీ గదికీ మధ్య సాగే కాలువలో ఉంది. పడవ తేలాలంటే కాలువ పొడవునా ఫలానా లోతు నిత్యం నిలవాలి. పొలానికి ఆ అవసరం లేదు. పైరుకు తడి పది పదిహేను రోజులకొకసారి చాలు, కోతలయ్యాక నీరే అక్కర్లేదు. డెల్టా కాలువలకే ఏటా వేసవిలో నీళ్లు కట్టేసి పూడిక తీస్తారు, లాకులు బాగుచేస్తారు. తుంగభద్ర మీద సుంకేశుల దగ్గర ఏడాది పొడవునా కాలువను నిండుగా ఉంచేంత నిలవ ఎన్నడూ లేదు. నదిలో ప్రవాహం తగ్గితే పడవలు నేలకు ఆనేవి. సగం ఏడాది మూసుకుపోయే దారిని నమ్ముకుని ఏ వర్తకుడూ సరుకు కొనడు. ప్రవాహ వేగంలో కూడా రెండు అవసరాలకూ పొత్తు కుదరదు. సేద్యపు కాలువలో ఒండ్రు పేరుకోకుండా నీరు కాస్త వడిగా పారాలి, ఎదురెక్కే పడవకు నీరు నెమ్మదిగా పారాలి. ఒకే కాలువతో రెండు పనులూ చేయించాలని చూస్తే రెండూ కుంటుపడతాయి. కర్నూలు–కడప కాలువ చరిత్ర అదే.

పడవ పక్షం: ఆ చరిత్రను మొదటి నుంచి చూడాలి. ఇంజనీరు సర్ ఆర్థర్ కాటన్ ఊహలో అది ఒంటరి కాలువ కాదు. తుంగభద్రను ఆసరా చేసుకుని పడమటి తీరాన్నీ తూర్పు తీరాన్నీ కలిపే జలమార్గంలో అది ఒక భాగం మాత్రమే. 1858లో పుట్టిన మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ పది లక్షల పౌండ్ల పెట్టుబడికి ప్రభుత్వం నుంచి 5 శాతం వడ్డీ హామీ పొంది పని మొదలుపెట్టింది. 1860ల్లో తవ్వకం సాగింది, 1871 నాటికి కాలువ కడపకు చేరింది. ఖర్చు అంచనాలను దాటిపోవడంతో మిగతా పథకమంతా కాగితం మీదే ఆగిపోయింది. రెండు కొసలూ ఏ రేవుకూ తగలని ముక్క మీద పడవ వ్యాపారం పెరగలేదంటే తప్పు పడవది కాదు. ఒక్క గది కట్టి వదిలేసి ఇల్లు పనికిరాదని తీర్పు చెప్పినట్టుంది ఆ వాదన.

పైరు పక్షం: కంపెనీని ముంచింది పడవల ఆశే కదా. పడవలకు సరిపడేలా కట్టిన లాకులు, వెడల్పాటి కోతలు, అక్విడక్టులు ఖర్చును పెంచాయి. మొదట్లో నల్లరేగడి రైతులు కాలువ నీరు తీసుకోవడానికే ముందుకు రాలేదు. వానాధారపు పంట చేతికొచ్చే నేలకు నీటి తీరువా కట్టడం వాళ్లకు దండగ అనిపించింది. పడవల రాబడీ లేదు, నీటి రాబడీ లేదు. చివరికి 1882లో ప్రభుత్వమే కాలువను కొనుక్కుంది. ఇరవయ్యో శతాబ్దం నడుమకు వచ్చేసరికి అది పూర్తిగా సేద్యపు కాలువ అయింది. నేడు రెండున్నర లక్షల ఎకరాలకు పైగా ఆయకట్టు దాని మీద ఆధారపడి ఉంది. పడవను దించేశాకే ఆ కాలువ నిలబడింది.

పడవ పక్షం: 1876–78 కరువును పక్కనపెట్టి ఈ కథ చెప్పడం కుదరదు. అప్పటికి పెనుకొండ, ధర్మవరం, హిందూపురం బళ్లారి జిల్లాలో ఉన్నాయి. అనంతపురం జిల్లా ఏర్పడింది 1882లో. మద్రాసు నుంచి రాయచూరు వెళ్లే రైలు కడప, గుత్తి, గుంతకల్లు మీదుగా 1871 నాటికే నడుస్తోంది. రైలు ధాన్యం తెచ్చింది, కానీ స్టేషన్లలో దించింది. స్టేషను నుంచి ఊళ్లకు మోయాల్సిన ఎద్దులు మేతలేక చచ్చాయి. గింజలు ఒకచోట, ఆకలి మరోచోట. ఈ ఘోరం కళ్లెదుట ఉండగానే కాటన్ బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ముందు తన మాట గట్టిగా నిలిపాడు. ఇండియాకు కావాల్సింది నీటి రవాణా అనీ, రైళ్లు అంత సరుకును అంత చవగ్గా మోయలేవనీ, ఆవిరి పడవల కాలువలకు రైళ్లకయ్యే ఖర్చులో ఎనిమిదో వంతు చాలుననీ అతని వాదన. కాలువ ఊరి అంచునే పోతుంది, పడవ ఏ గట్టు దగ్గరైనా ఆగుతుంది. ఇంకో సంగతి, ఆ కరువులోనే కూలికి పనులు చూపించి తూర్పు తీరపు కాలువలను కలిపి బకింగ్‌హాం కాలువ చేశారు. పెదగంజాం నుంచి మరక్కాణం దాకా 420 కిలోమీటర్లు అది సరుకు మోసింది. పనికిరాని దారైతే తొంభై ఏళ్లు నడిచేది కాదు.

పైరు పక్షం: బకింగ్‌హాం కాలువ సముద్రమట్టానికి ఆనుకుని సాగేది, ఆటుపోట్ల నీటితో నిండేది. దానికి మెట్లు ఎక్కాల్సిన అవసరం దాదాపు లేదు, పొలాల నీటిలో వాటా కూడా లేదు. మెట్ట సీమకు దాన్ని సాక్ష్యంగా తేవడం చెల్లదు. కరువు విషయంలో మాత్రం ఎదుటి పక్షం మాటకు బరువుంది. రైలు ఒక్కటే ప్రాణాలు కాపాడలేదన్నది నిజం. అయితే ఆ కరువులో కర్నూలు–కడప కాలువ చేసిన మేలు పడవలతో చేసింది కాదు. అంతవరకు నీరు వద్దన్న రైతులే ఆ ఏళ్లలో తూములు తెరిపించుకున్నారు. ఒక ఎకరం పండితే దాని ధాన్యానికి రైలూ అక్కర్లేదు, పడవా అక్కర్లేదు.

ఇక పెనుకొండకే వస్తే, ఈ ఊరికి కాలువ ఆలోచన ఇంగ్లీషువాళ్లు తెచ్చింది కాదు. 1388 నాటి శాసనం ఒకటి గౌరీబిదనూరు ప్రాంతంలో ఉంది. పెనుకొండలో ఉన్న యువరాజు ప్రతాప బుక్కరాయలు, ప్రజల సుఖం కోసం పెన్నేటిని పెనుకొండకు తీసుకురావాలని కొలువులో ఆజ్ఞాపించాడనీ, జలసూత్రం తెలిసిన సింగయభట్టు సిరువెర చెరువుకు కాలువ తవ్వి దానికి రాజు పేరు పెట్టాడనీ ఆ శాసనం చెబుతుంది. నీరు ప్రాణులకు ప్రాణమన్న భావం అందులోనే ఉంది. ఆ పథకంలో గురి చెరువు, గమ్యం ఊరు. దారి అన్న ఊసే లేదు.

పడవ పక్షం: సింగయభట్టుకు అనుకూలించింది వాలు. నంది కొండల్లో పుట్టిన పెన్న హిందూపురం మీదుగా కిందికి దిగుతూ వస్తుంది, ఎగువన మళ్లిస్తే చాలు నీరు తనంత తాను చేరుతుంది. ఆరు వందల ఏళ్లకు పెనుకొండకు మరో కాలువ వచ్చింది, ఈసారి వాలుకు ఎదురుగా. శ్రీశైలం జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు, అంటే 270 మీటర్లు. హిందూపురం 600 మీటర్ల పైన ఉంది. హంద్రీ–నీవా సుజల స్రవంతి మల్యాల దగ్గర నీటిని ఎత్తడం మొదలుపెట్టి, పంపుహౌస్ తర్వాత పంపుహౌస్ దాటించి జీడిపల్లికి చేరుస్తుంది. రెండో దశలో అది పెనుకొండ దగ్గర గొల్లపల్లి రిజర్వాయరుకు, మడకశిర బ్రాంచి కాలువకు అందుతుంది. పథకం మొత్తానికి 40 టీఎంసీలు, 6 లక్షల ఎకరాలు. ఒకటిన్నర శతాబ్దం కిందట తనకు వచ్చిన, నీటి బరువుతో పడవను ఎక్కించే మెట్లు వద్దనుకున్న సీమ, ఇప్పుడు కరెంటు ఖర్చుపెట్టి నీటినే మెట్లెక్కిస్తోంది. మెట్లు ఎలాగూ తప్పలేదు. తప్పనప్పుడు వాటి వెంట సరుకు దారి గురించి ఎందుకు ఆలోచించకూడదు? ఒక అశ్వశక్తి రోడ్డు మీద 150 కిలోలు కదిలిస్తే, పట్టాల మీద 500 కిలోలు, నీటి మీద 4000 కిలోలు కదిలిస్తుందని జలరవాణా నిపుణులు చెప్పే లెక్క.

పైరు పక్షం: ఈ ప్రశ్నకు జవాబు కూడా లెక్కలోనే ఉంది. ఒక ఘనమీటరు నీటిని 300 మీటర్లు ఎత్తడానికి, పంపులో పోయే నష్టం కలుపుకుంటే, దాదాపు ఒక యూనిట్ కరెంటు కావాలి. పై గట్టున పడవ కోసం 600 ఘనమీటర్ల గది ఒకసారి ఖాళీ చేస్తే 600 యూనిట్లు కిందికి వదిలినట్టు. ఫోన్సెరాన్‌లో దిగే నీరు నల్లకొండల వాన నీరు. సాఁ ఫెరియోల్ జలాశయంలో నిలవచేసి, ఎత్తులో ఉన్న ఫీడరు కాలువల గుండా శిఖరానికి చేర్చింది. దాన్ని ఎత్తడానికి ఎవరూ డబ్బు కట్టలేదు. మెట్ల లాకు బతకాలంటే శిఖరాన ఉచిత నీరు ఉండాలి. పెనుకొండ శిఖరాన ఉన్నది కొనుక్కున్న నీరు. ఆ తేడా ఒక్కటి చాలు, ఫ్రెంచి నమూనాను ఇక్కడికి తేలేం.

పైగా మెట్ల లాకులో ఇంకో చిక్కుంది. విడివిడి లాకుల్లో దిగే పడవ, ఎక్కే పడవ ఒకదాని తర్వాత ఒకటి వస్తే ఒకే గదెడు నీటితో రెండూ దాటుతాయి. అతుకు గదుల వరసలో ఎక్కే పడవకు పై గదులన్నీ నిండి ఉండాలి, దిగే పడవకు కింది గదులన్నీ ఖాళీగా ఉండాలి. దిశ మారిన ప్రతిసారీ గదులన్నీ ఒలకబోయాలి, లేదా నింపాలి. అందుకే ఒక పూట ఎక్కేవాటికి, మరో పూట దిగేవాటికి అని వంతులు పెడతారు. ఉత్తర ఫ్రాన్సులో ఆర్క్ దగ్గర ఫోంతినెత్ మెట్ల లాకులో పడవల వరసలు భరించలేనంతగా పెరిగి, 1888లో పక్కనే పడవలను తొట్టితో సహా ఎత్తే లిఫ్టు కట్టాల్సి వచ్చింది. 1967లో ఆ లిఫ్టునూ ఆపి, 13 మీటర్ల దిగుడును ఒకే ఊపులో దాటించే పెద్ద లాకు తెరిచారు. పనిచేసే వాణిజ్య కాలువే మెట్లను వదిలేసింది.

పడవ పక్షం: వదిలేసింది మెట్ల రూపాన్ని మాత్రమే, లాకును కాదు, కాలువను అసలే కాదు. డంకర్క్ నుంచి ఎస్కో నది దాకా ఆ మార్గం మీద నేటికీ బార్జీలు నడుస్తున్నాయి. మెట్ల రూపం కూడా చచ్చిపోలేదు. చైనాలో త్రీ గోర్జెస్ ఆనకట్ట పక్కన 5 మెట్ల లాకు 2003 నుంచి భారీ సరుకు పడవలను దాటిస్తోంది. ఎక్కేవాటికి ఒక వరస, దిగేవాటికి ఒక వరస అని జంటగా కట్టారు కాబట్టి దిశ మారే చిక్కే లేదు. పనామా కాలువలో 2016లో తెరిచిన కొత్త లాకులకు పక్కనే పొదుపు తొట్లు ఉన్నాయి, గదిలోని నీటిలో 60 శాతాన్ని తిరిగి వాడుకుంటాయి. 600 యూనిట్ల లెక్కను ఆ తొట్లు సగానికి పైగా తగ్గిస్తాయి.

పైరు పక్షం: పనామా పేరు వచ్చింది కాబట్టి 2023 సంగతీ రావాలి. వానలు తప్పి, కాలువకు నీరిచ్చే గాటూన్ సరస్సు తగ్గిపోతే రోజుకు దాటే ఓడలను మూడో వంతుకు పైగా తగ్గించారు. ఆ సరస్సే పనామా నగరానికి తాగునీరు ఇస్తుంది. ప్రపంచంలో ఎక్కువ రాబడి తెచ్చే మెట్ల లాకే, నీరు చాలనప్పుడు తాగేవాళ్లకు దారి ఇచ్చి పక్కకు తప్పుకుంది. రాయలసీమలో ఆ పరిస్థితి పదేళ్లకొకసారి వచ్చేది కాదు.

పడవ పక్షం: ఇది ఒప్పుకోవాల్సిన మాట. హంద్రీ–నీవా మెట్ల మీదుగా పెనుకొండకు పడవ ఎక్కించాలని ఏ లెక్కా చెప్పదు. 1890ల్లో గుంతకల్లు నుంచి ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మీదుగా బెంగళూరుకు రైలు వచ్చింది. పెనుకొండ పక్కనున్న ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీ సరుకుకు ఆ పట్టాలూ హైవేలూ ఉన్నాయి. పడవ పక్షం అడిగేది పెనుకొండకు రేవు కాదు. దిగువన లాకులు ఇంకా నిలబడి ఉన్నచోట వాటిని పాడుపెట్టొద్దని. ధవళేశ్వరం, విజ్జేశ్వరం, దుగ్గిరాల లాకుల మీదుగా ఒకప్పుడు ధాన్యం, కలప, సున్నం, మనుషులు దాటేవాళ్లు; గాలి లేనప్పుడు గట్టు వెంట తాడు భుజాన వేసుకుని మనుషులే పడవలు లాగేవాళ్లు. 2008లో కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా కాలువలను, గోదావరి, కృష్ణా నదుల భాగాలను కలిపి 1078 కిలోమీటర్ల నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. దాని కాలువ భాగాల్లో లాకుల దగ్గర ఇప్పుడు కనిపించేది ఎక్కువగా తుప్పు, గుర్రపుడెక్క, తలుపుల స్థానంలో వేసిన పలకలు. లాకు ఒక్క పడవకే పనికొచ్చే కట్టడం కాదు. పక్కనున్న రెగ్యులేటరుతో కలిసి అది ఎగువ మట్టాన్ని నిలబెడుతుంది, మెరక పొలాల తూములకు నీరెక్కేది ఆ మట్టంతోనే. లాకు శిథిలమైతే మొదట ఎండేది మెరక రైతు చేనే.

పైరు పక్షం: డెల్టాలో లాకులు బాగుచేయడానికి పైరు పక్షానికి అభ్యంతరం లేదు. ఎగువ మట్టం గురించి చెప్పింది రైతు మేలుకోరే మాటే. భయమల్లా జాతీయ జలమార్గం అన్న హోదా వచ్చాక నీటి పంపకంలో ఎవరి మాట చెల్లుతుందన్నదే. కనీస లోతు నిలపాలని ఒకసారి రాతపూర్వకంగా ఒప్పుకుంటే, దాళ్వా నాట్ల వేళ నీరు చాలనప్పుడు వంతులవారీగా కాలువలు కట్టే స్వేచ్ఛ ఇంజనీరుకు ఉండదు. సరుకు కంపెనీకి ఒప్పంద పత్రం ఉంటుంది, శివారు రైతుకు ఉండదు.

పడవ పక్షం: ఆ ఒప్పందంలోనే తాగునీరు మొదట, సాగు తర్వాత, పడవ చివర అని రాసుకోవచ్చు. మన జాతీయ జల విధానాల్లో కూడా తాగునీటికే తొలి స్థానం. వరద నెలల్లో, ఖరీఫ్ కాలువలు నిండుగా పారే నెలల్లో పడవలు నడిపితే పడవకూ పైరుకూ తగాదాకు తావుండదు. ఏడాదికి ఆరేడు నెలల దారి అయినా ఇటుక, ఇసుక, ధాన్యం, ఎరువుల్లాంటి తొందరలేని సరుకుకు పనికొస్తుంది.

పైరు పక్షం: సగం ఏడాదే తెరిచి ఉండే దారిని నమ్మి పడవ కొనేవాళ్లు దొరకాలి. కర్నూలు–కడప కాలువకు దొరకలేదు. దానికి తోడు, ఈ రెండు అవసరాలను ఏ ఒప్పందమూ కలపలేని చోటు ఒకటుంది. పడవల కాలువను నీరు ఇంకనివ్వకుండా కట్టాలి. బంకమన్నుతోనో కాంక్రీటుతోనో అడుగు బిగించకపోతే లోతు నిలవదు. హంద్రీ–నీవా పక్క ఊళ్లలో రైతు కోరేది దానికి సరిగ్గా వ్యతిరేకం. కాలువకు లైనింగ్ వేస్తే బోర్లలోకి ఊట ఆగిపోతుందని అక్కడి రైతుల ఆందోళన. ఆయకట్టు పిల్ల కాలువలు ఇంకా అందని పల్లెల్లో కాలువ మేలు చాలావరకు అడుగునుంచి ఇంకిన నీటిదే.

పడవ పక్షం: ఇంకిన నీటిని కూడా 300 మీటర్లు ఎత్తే తెచ్చారు కదా. ఎత్తిన నీరు కాలువ పక్కనున్న బోర్లకు మాత్రమే చేరి, కొసనున్న మడకశిర చెరువులకు చేరకపోతే అదీ అన్యాయమే. అడుగు బిగించాలన్న వాదన ఇక్కడ పడవ కోసం కాదు, కొస పల్లె కోసం.

పైరు పక్షం: కొస పల్లె కోసమే అయితే బిగించాల్సింది ఎత్తిపోతల మెట్ల మధ్య భాగాన్ని, చెరువులకు, బావులకు దగ్గరగా సాగే భాగాన్ని కాదు. ఏ కిలోమీటరు దగ్గర ఆ గీత గీయాలన్నది మొత్తం కాలువకు ఒకే మాటగా తేలదు. నేల తీరును బట్టి, కింద ఉన్న బోర్ల సంఖ్యను బట్టి, ఊరూరా విడిగా కొలిచి తేల్చాలి.

పడవ పక్షం: ఆ కొలతకు పడవ పక్షమూ సిద్ధమే. కొలిచాక మట్టం నిలబెట్టడానికి రెగ్యులేటర్లు కావాలని తేలితే, డెల్టాలో వాటి పక్కనే లాకు తలుపులకు కూడా డబ్బు కేటాయించాలన్న కోరిక మాత్రం విరమించదు.

పైరు పక్షం: ఆ డబ్బు ముందు శివారు పిల్ల కాలువలకు వెళ్లాలన్న అభ్యంతరం కూడా అలాగే ఉంటుంది.